నాలుగో బేరింగు

"పడిపోయిన మనిషి లేచి, మూత పెట్టి, మరలు బిగించి, మళ్ళీ వెళ్ళి నేలమీద పడుకోడు కదా సార్?"

డిటెక్టివ్ భూతద్దం ఆ మాట అనేసరికి సెక్యూరిటీ చీఫ్ ముఖంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది.

ఆమె చక్రాల నిచ్చెన పైమెట్టు మీద నిలబడి ఉంది. ఎదురుగా పాత హెలికాప్టర్ తోక. ఆ తోక వీపు మీద పొడుగునా సన్నటి రేకు మూత ఉంటుంది. మూత అంచు కింద నీలం ఉన్ని పోగు ఒకటి ఇరుక్కుని, వేలెడు మేర బయటికి వేలాడుతోంది.

"ఆస్పత్రిలో పెద్దాయన మఫ్లర్ చూసే వస్తున్నాను. ఒక కొస చిరిగిపోయింది. రంగు ఇదే. ఆయన మూత తెరిచి లోపలికి వంగాడు. పడేటప్పుడు మఫ్లర్ లోపల దేనికో తగులుకుని చిరిగింది. ఆ పోగు మీదే ఎవరో హడావిడిగా మూత పెట్టేశారు."

"ఎనభై దాటిన ముసలాయన నిచ్చెనెక్కాడు, కాలు జారింది," అన్నాడు చీఫ్. "నువ్వేమో ఉన్నిపోగు పట్టుకుని మోకు పేనుతున్నావు."

"నిచ్చెన చక్రాలకి అన్నిటికీ బిగింపులు తీసేసి ఉన్నాయి. జీవితమంతా ఇలాంటి నిచ్చెనల మీదే గడిపిన మనిషి, చక్రాలు బిగించకుండా పైకెక్కుతాడా?"

"మతిమరుపు వచ్చే వయసేగా."

"అవును. కానీ ఆ మతిమరుపు వచ్చింది ఆయనకేనా అని చూస్తున్నా."

కింద నిలబడ్డ పైలట్ ఫక్కున నవ్వబోయి ఆపుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిగా కత్తిరించిన జుట్టు, జిప్పు పెట్టిన పైలట్ దుస్తులు. భూతద్దాన్ని ఈ కేసులోకి పిలిచింది ఆమే. మొన్న మధ్యాహ్నం, ఈ హెలికాప్టర్‌ని గీసి తయారుచేసిన పెద్దాయన ఆమెకి ఫోన్ చేసి, "మీ నాన్న గురించి ఒక మాట చెప్పాలమ్మా. ముందు నా కళ్ళతో చూసుకుని చెప్తా," అన్నాడట. ఆ సాయంత్రమే ఆయన ఈ హెలికాప్టర్ పక్కన తల పగిలి పడి ఉన్నాడు. ఇప్పటిదాకా స్పృహ రాలేదు.

భూతద్దం ఒకప్పుడు పోలీసు శాఖలో ఈ చీఫ్ దగ్గరే పనిచేసింది. ఆయన మూసేయమన్న కేసు మూయనందుకు ఆమె ఉద్యోగం పోయింది. తర్వాత సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకుంది. ఆయన రిటైరై ఈ కంపెనీలో సెక్యూరిటీ చీఫ్‌గా చేరాడు. ఆమె కళ్ళద్దాలు చూసి భూతద్దం అని పేరు పెట్టింది కూడా ఆయనే. మొదట్లో అందరూ వెనకాల అనేవాళ్ళు, ఇప్పుడు ముఖమ్మీదే అంటున్నారు. ఆమెకి అదేమీ కొత్త కాదు. చిన్నప్పుడు పెద్దాయన ఆమెను "సోడాబుడ్డీ" అని పిలిచేవాడు.

నిచ్చెన దిగుతుంటే ఆ పిలుపే చెవిలో మోగింది. కిరోసిన్, కొత్త పెయింటు, ఎండలో కాగిన రేకు కలిసిన ఈ షెడ్డు వాసన ముక్కుకి తగిలి, ఆమె ఒక్క క్షణం డిటెక్టివ్ సంగతి మరిచి పిల్లదైపోయింది.

ఆ రోజుల్లో కంపెనీ అంటే రెండు రేకుల షెడ్లు, ఒక సిమెంటు స్తంభం. వాళ్ళమ్మ డ్రాయింగు విభాగంలో ట్రేసింగు చేసేది, అంటే ఇంజనీర్ల బొమ్మలకి శుభ్రమైన నకళ్ళు గీసేది. బడి వదిలాక పిల్ల అమ్మ బల్ల కింద కూర్చుని పెన్సిలు ముక్కలు ఏరుకునేది. బయట ఆ స్తంభం మీద రెక్కలు బిగించి తిప్పేవాళ్ళు. మొదట చెక్క రెక్కలు. వాన తేమకి ఉబ్బి, బరువు మారి, స్తంభాన్నే పీకేస్తాయేమో అన్నంతగా ఊపేవి. తర్వాత ఫైబర్ రెక్కలు వచ్చాయి. బరువైన పాత ఇంజను పోయి చిన్న టర్బైన్ వచ్చింది. మిషన్ మొదటిసారి నేల వదిలిన రోజు నాలుగు మూలలా తాళ్ళు కట్టారు, తెంపుకుపోయే లేగదూడని పట్టుకున్నట్టు. లేచింది మోకాలెత్తే. అయినా కంపెనీ క్వార్టర్స్ అంతా చప్పట్లు కొట్టింది. వాళ్ళమ్మ మాత్రం కొట్టలేదు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

దానికి తూనీగ అని పేరు పెట్టారు. అయిదుగురు పట్టే తేలికపాటి హెలికాప్టర్. యుద్ధానికి కాదు, అన్ని పనులకూ. సీట్లు తీసేస్తే మందుల పెట్టెలు, పెట్టెలు తీసేస్తే స్ట్రెచర్. తర్వాతి కాలంలో తూనీగలు వందల్లో తయారై వరదల్లో కప్పుల మీంచి మనుషుల్ని ఎత్తాయి, కొండల మీదికి మందులు మోశాయి, కరెంటు తీగల వెంట కాపలా తిరిగాయి. ఇప్పుడు వాటి కాలం అయిపోయింది. ఈ మొట్టమొదటి తూనీగని రేపు జనం ముందు చివరిసారి ఎగరేసి మ్యూజియంలో పెట్టేస్తారు. ఎగరేసేది ఈ పైలటే.

"ఈ మూత తెరిచి చూడాలి," అంది భూతద్దం.

"కుదరదు," అన్నాడు చీఫ్. "రేపటి ఫంక్షన్ కోసం తనిఖీ చేసి సీలు వేశారు. కావాలంటే అడుగు, ఛైర్మన్ గారే వస్తున్నారు."

ఛైర్మన్ తెల్ల చొక్కాలో, చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు. ఆ కర్ర ఆసరాకి కాదు, అలంకారానికి. కంపెనీ చిన్నగా ఉన్నప్పుడు టెస్టింగు అంతా ఆయన చేతి కిందే ఉండేది.

"నువ్వా అమ్మా! మీ అమ్మ గీసిన గీతల మీద లేచిన కంపెనీ ఇది. అడుగు, ఏం కావాలో."

"పెద్దాయన పడినప్పుడు మీరెక్కడున్నారు?"

"బోర్డు మీటింగులో. అందరూ చూస్తుండగా. నన్నే అనుమానిస్తున్నావా?"

"అలవాటండీ. మా అమ్మనైనా అడిగేదాన్ని." ఆమె తోక వైపు చూపించింది. "మొదటి తూనీగ ఇదేనా?"

"అవును, ముందు పుట్టింది కాబట్టి పెద్దాయన దీన్ని పెద్దది అనేవాడు. రెండోది చిన్నది. అది పాపం కాలిపోయింది." ఛైర్మన్ పైలట్ వైపు జాలిగా చూశాడు. "వీళ్ళ నాన్నతో పాటు."

పైలట్ చేతులు జేబుల్లోకి వెళ్ళిపోయాయి.

"రెంటికీ తేడా ఏంటి?" అడిగింది భూతద్దం, తెలియనట్టు.

"చూడమ్మా, ఇంజను నుంచి తోక చివర పంకా దాకా పొడవాటి ఇరుసు పోతుంది. ఈ మూత కిందే. పెద్దదానిలో ఆ ఇరుసుకి మూడు బేరింగులే పెట్టాం. మెల్లగా పోతే పరవాలేదు. బరువెత్తి వేగం అందుకుంటే ఇరుసు తాడులా ఊగేది, తోకంతా వణికేది. అందుకే చిన్నదానిలో పెద్దాయన నాలుగోది పెట్టించాడు. ఆ వణుకు పోయింది."

"మరి చిన్నది ఎందుకు కూలింది?"

"పైలట్ పొరపాటు. విచారణలో తేలిందే కదా."

"మా నాన్న రేడియోలో ఆఖరిగా అన్న మాట కూడా చెప్పండి," అంది పైలట్. గొంతు మామూలుగానే ఉంది. కానీ ఆ మామూలుతనం వెనక ఎన్నేళ్ళ సాధన ఉందో భూతద్దానికి తెలుసు. "'ఇదేంటి, ఇది కూడా పెద్దదానిలాగే వణుకుతోంది' అన్నారు."

"కంగారులో మనిషి ఏదైనా అంటాడమ్మా. నాలుగు బేరింగులున్నది వణకదు."

"పైలట్ పొరపాటని రిపోర్టులో రాసింది నేనే," చీఫ్ అందుకున్నాడు. "అప్పుడు నేను ఈ ఏరియా ఎస్సైని. కాలిపోయిన శకలాల దగ్గరికి మొదట వెళ్ళింది నేను. నంబరు ప్లేటు నా చేత్తో తీశాను. రెండో నంబరు. ఇందులో తవ్వడానికి ఏమీ లేదు."

భూతద్దం ఆయన్ని చూడలేదు. ఛైర్మన్నే చూస్తోంది. "ఈ పెద్దదాన్ని తర్వాతెప్పుడైనా మార్చారా? కొత్త బేరింగు లాంటిది?"

"ఒక్క మర కూడా ముట్టుకోలేదు. ఎలా ఉన్నదాన్ని అలాగే తాళం వేసి ఉంచాం. చరిత్ర అది. ఇక ఆ మూత జోలికి పోకండి." ఛైర్మన్ కర్ర ఊపుకుంటూ వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

"విన్నావుగా," అన్నాడు చీఫ్. "నిచ్చెన పక్కన పెట్టు."

"ఉండండి సార్." పైలట్ ముందుకొచ్చింది. "రేపు ఎగరేసేది నేను. ఎక్కేముందు ఏ మూత తెరిచి చూసుకోవాలన్నా నాకు హక్కుంది. సీలు నేను తీస్తా, నేనే వేస్తా."

చీఫ్ పక్కకి తప్పుకున్నాడు. పైలట్ చక్రాలు బిగించి నిచ్చెనెక్కింది. మరలు ఒక్కొక్కటీ తిప్పుతుంటే షెడ్డులో ఆ టక్కుమనే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. మూత లేచింది. పోగు గాలికి ఊగి కింద పడింది. భూతద్దం దాన్ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని పైకెక్కింది.

ఇరుసు మీద టార్చి వెలుగు పాకింది. ఒక బేరింగు. రెండు. మూడు. వెలుగు ఇంకా కొంచెం ముందుకు జరిగి ఆగిపోయింది.

"నాలుగు," అంది పైలట్, ఊపిరితో కలిపి.

భూతద్దం కళ్ళ ముందు డ్రాయింగు బల్ల కదిలింది. అమ్మ ఆ ఇరుసు బొమ్మని ట్రేసింగు పూర్తి చేసిన రోజే పెద్దాయన వచ్చి, పెన్సిలుతో ఇంకో సున్నా చుట్టి, "తల్లీ, దీన్ని ఇంకోసారి గియ్యాలి," అన్నాడు. అమ్మ రెండు రోజులు ఆయన్ని తిట్టుకుంటూ గీసింది. ఆయన బల్ల కిందికి వంగి, "ఏం సోడాబుడ్డీ, మీ అమ్మకి నామీద కోపం తగ్గిందా?" అని అడిగేవాడు. అమ్మ పోయింది. ఆమె చేతి గీత మాత్రం ఇక్కడ లోహంగా నిలబడి ఉంది.

"తర్వాత ఎవరో పెట్టి ఉంటారు," అన్నాడు చీఫ్ కిందనుంచి.

"లేదు సార్. పైకొచ్చి చూడండి. ఈ నాలుగో బేరింగు కూర్చున్న పీట చుట్టూ, పైనా, రివెట్ల తలల మీదా అంతా ఒకే ఆకుపచ్చ పూత. ముందు పీట బిగించి, తర్వాత రంగు కొట్టారు. తర్వాత తొలిచి పెట్టి ఉంటే పూత చిట్లేది. ఇది పుట్టుకతోనే నాలుగు బేరింగుల మిషన్. ఇది పెద్దది కాదు, చిన్నది!"

పైలట్ నిచ్చెన కమ్మీ పట్టుకుంది. "అంటే... కూలింది?"

"పెద్దది. ఆ రోజుల్లో పెద్దాయన ఇంజన్లు కొనడానికి వేరే ఊళ్ళో ఉన్నాడు, నాకు గుర్తే. తూనీగలు కొనేవాళ్ళు చూడ్డానికొచ్చే రోజుకి చిన్నది తయారై ఉండదు. బరువుతో, వేగంతో ఎగరేసి చూపించాలి. అందుకని పెద్దదానికి రెండో నంబరు తగిలించి మీ నాన్నని ఎక్కించారు. అది కూలాక చిన్నదానికి మొదటి నంబరు వేసి తాళం పెట్టారు. మీ నాన్నకి కంగారూ లేదు, పొరపాటూ లేదు. ఆయన చేతులకి ఆ మిషన్ తెలుసు. వణుకు పట్టి గుర్తుపట్టాడు."

నాన్న పోయినప్పుడు ఆమెకి మూడేళ్ళు. తర్వాత బడిలో, శిక్షణలో, ఉద్యోగంలో, "ఆ పొరపాటు చేసినాయన కూతురు" అనే మాట ఆమె కంటే ముందు గదిలోకి వచ్చి కూర్చునేది. ఆమె తోక మీద చెయ్యి వేసి, నుదురు ఆ చేతికి ఆనించింది. భూతద్దం అటు తిరిగి ఫోనుతో బేరింగుల ఫోటోలు తీసింది, అవసరమైనదానికంటే ఎక్కువ.

"మొన్న ఇంజను తిప్పి చూసినప్పుడు పెద్దాయన ఇదిగో, ఇక్కడే అరచెయ్యి పెట్టుకుని నిలబడ్డారక్కా," అంది పైలట్ చివరికి. "ముఖం పాలిపోయింది. వణకాల్సింది వణకలేదని తెలిసిపోయింది ఆయనకి."

చీఫ్ నిచ్చెనెక్కి చూసి, చెమట తుడుచుకున్నాడు. "నన్ను కూడా వెర్రివాణ్ణి చేశాడన్నమాట ఛైర్మన్. ఈ వయసులో నాకెందుకీ అప్రతిష్ఠ! నువ్వే గెలిచావు. ఏం చెయ్యమంటావో చెప్పు."

ఇన్నేళ్ళలో ఆయన నోట వినాలనుకున్న మాట అది. విన్నాక మాత్రం రుచి తెలియలేదు. ఆమె అప్పటికే ఆస్పత్రికి ఫోన్ చేస్తోంది.

నర్సు చాలా మామూలుగా చెప్పింది. "ఆయన్ని ఇప్పుడే తీసుకెళ్ళిపోయారండీ. మీ కంపెనీ అంబులెన్సే. వంతెన అవతల పెద్దాస్పత్రికట. ఛైర్మన్ గారి ఆర్డరు అన్నారు. పాపం, కాస్త స్పృహ కూడా వచ్చింది."

భూతద్దం ఆ మాట ఇద్దరికీ చెప్పి ఫోను పెట్టేసింది. "ఇప్పుడా వచ్చేది స్పృహ! మాట్లాడగలిగితే ఆయన్ని బతకనివ్వరు."

"పదండి, నా జీపులో తీసుకెళ్తా," అన్నాడు చీఫ్.

"ఊరంతా చుట్టి వెళ్ళేసరికి అంతా అయిపోతుంది." పైలట్ అప్పటికే మూత పెట్టి మరలు బిగిస్తోంది. "పొద్దున్నే అన్నీ చూసుకున్నా. రేపటి కోసం ట్యాంకు నిండుగా ఉంది. అక్కా, ఎక్కు."

"పిచ్చెక్కిందా? అది సాక్ష్యం! కదిలించడానికి వీల్లేదు!" చీఫ్ అరిచాడు.

"సాక్ష్యం మాతోనే ఉంటుంది సార్. మీరు వెనకాల రండి," అంది భూతద్దం.

ట్రాలీ మీద తూనీగని ఎండలోకి లాగారు. రెక్కలు మొదట బద్ధకంగా, తర్వాత గుండ్రంగా, తర్వాత కనపడకుండా తిరిగాయి. ఆ చప్పుడు భూతద్దం పక్కటెముకల్లోకి దిగింది. క్వార్టర్స్ కిటికీ చువ్వలు పట్టుకుని విన్న చప్పుడది. ఆ రోజుల్లో ఎవరూ ఆమెను ఎక్కనివ్వలేదు. ఇప్పుడు కాళ్ళ కింద నేల మెత్తగా వదిలేస్తుంటే కళ్ళద్దాలు మసకబారాయి. తుడుచుకోవడానికి తీరిక లేదు.

వంతెన కనపడింది. వంతెన మీద తెల్ల బండి ఏదీ లేదు.

"అదిగో!" పైలట్ తూనీగ ముక్కుని అటు తిప్పింది. "వంతెన ఎక్కకుండా పక్కకి తిరిగిందక్కా. అది పాత రాళ్ళ క్వారీ దారి."

"ఆ దారి ఇంకెక్కడికీ పోదు."

"నేను ఆపుతా. గట్టిగా పట్టుకో."

తూనీగ దుమ్ము రేపుకుంటూ క్వారీ ముందు దారికి అడ్డంగా దిగింది. అంబులెన్సు కీచుమని ఆగింది. రెక్కలు తిరుగుతుండగానే భూతద్దం తల వంచుకుని పరిగెత్తింది. డ్రైవర్ చేతులు రెండూ పైకెత్తేశాడు.

"ఛైర్మన్ ఎక్కడ?"

"ఛైర్మన్ గారెందుకుంటారమ్మా? నాకు ఫోన్ చేసింది సెక్యూరిటీ సార్. ఆస్పత్రిలో ఛైర్మన్ ఆర్డరని చెప్పమన్నారు. క్వారీ దగ్గర ఆపు, జీపులో వచ్చి నేనే ఆయన్ని మార్చుకుంటా అన్నారు. అంతే నాకు తెలుసు, మా పిల్లల మీదొట్టు!"

కాలిపోయిన శకలాల దగ్గరికి మొదట వెళ్ళిన ఎస్సై. నంబరు ప్లేటు తన చేత్తో తీసిన ఎస్సై. ఆ ప్లేటు అక్కడ దొరకడానికీ, దాన్ని నమ్మించడానికీ కావలసినవాడు ఆయనొక్కడే. ఇంతసేపూ తన పక్కనే నిలబడ్డాడు. తనే ఆయన్ని వెనకాల రమ్మంది!

ఆమె వెనక తలుపు లాగింది. స్ట్రెచర్ మీద పెద్దాయన తలకి కట్టుతో ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. బయట తిరుగుతున్న రెక్కల చప్పుడు వింటున్నాడు, చాలాకాలం తర్వాత ఇంటికొచ్చిన బిడ్డ మాట వింటున్నట్టు.

"నిచ్చెన లాగింది... ఆ పోలీసాయన," అన్నాడు, ఒక్కో మాటా కూడదీసుకుని. "నేను చక్రాలు బిగించే ఎక్కాను తల్లీ."

"తెలుసు బాబాయ్. మాట్లాడకండి."

పైలట్, డ్రైవర్ చెరోవైపు పట్టారు. వెనక సీటు మడిచేసరికి స్ట్రెచర్ ఆ తలుపులోంచి ఎక్కడా తగలకుండా లోపలికి జారింది. దానికోసమే ఆ తలుపు అంత వెడల్పుగా గీశాడు ఆయన. తన మిషన్లో మొదటిసారి రోగిగా పడుకుని, పక్కన మోకరిల్లిన పైలట్ చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"మీ నాన్నకి ఏ మచ్చా లేదమ్మా. ఇన్నేళ్ళు నేనూ అనుమానించాను, ఆయన్నో, నా లెక్కనో."

పైలట్ ఆ చేతిని కళ్ళకి అద్దుకుని, దూకి తన సీట్లోకి వెళ్ళిపోయింది. డ్రైవర్ రాళ్ళ గుట్టల మీదుగా పరుగందుకున్నాడు.

తూనీగలో కంపెనీ రేడియో గరగరమంది. చీఫ్ గొంతు చాలా తీయగా ఉంది. "ఎక్కడ దిగారమ్మా? పోలీసుల్ని వెంటబెట్టుకుని వస్తున్నా. కదలకుండా అక్కడే ఉండండి."

భూతద్దం వెనక్కి తిరిగి చూసింది. దారి మలుపులో దుమ్ము లేచింది. ఒక్క జీపే. అందులో ఒక్క మనిషే.

"లేపు!" అంది.

తూనీగ కింది స్కిడ్ కమ్మీలు నేల వదిలాయి. కింద జీపు అంబులెన్సు వెనక ఆగింది. తలుపు తీసుకుని దిగిన చీఫ్ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. ఏ తొందరా లేకుండా, వెనక సీట్లోంచి రైఫిలు తీసి, జీపు బానెట్ మీద మోచేతులు ఆనించి, సాక్ష్యం దాగిన తూనీగ తోకకి గురిపెట్టాడు.